సగం వేగంతో నవ్వే ముఖం

జపాన్ రోబో శాస్త్రవేత్త మసహిరో మోరి 1970లో ఒక చిన్న వ్యాసం రాశారు. అందులో ఒక ముచ్చట ఉంది. ఆ ఏడాది ఒసాకాలో జరిగే ప్రపంచ ప్రదర్శన కోసం ఒక రోబో ముఖంలో 29 జతల కృత్రిమ కండరాలు పెట్టాలనుకున్నారు. నవ్వంటే ముఖం ఒక ఆకారంలోంచి ఇంకో ఆకారంలోకి జారే వరుస అనీ, ఆ వరుస ఎంత వేగంగా సాగుతుందన్నదే కీలకమనీ దాని రూపకర్త చెప్పాడట. వేగం సగానికి తగ్గించి నవ్విస్తే ఆ ముఖంలో సంతోషం కనిపించదు, చూసేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది. కండరాలు అవే, పెదవులు అవే. మారింది పట్టే సమయం ఒక్కటే.

ఇంటి గదిలోనో, గ్యారేజీలోనో, స్కూలు ప్రయోగశాల మూలలోనో కూర్చుని మనిషిని పోలిన రోబోని సొంతంగా చేసేవాళ్ల కష్టమంతా ఈ ముచ్చటలో ఉంది. వాళ్లు చేసిన రోబో ఫొటోలో అచ్చం మనిషిలా ఉంటుంది. వీడియో మొదలైన రెండో సెకనుకే ఏదో తేడా కొడుతుంది. ముఖం సరిగ్గా కుదరలేదని చూసేవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు ముఖం బాగానే కుదిరి ఉంటుంది. కుదరనిది టైమింగ్.

హాంకాంగ్‌కి చెందిన డిజైనర్ రికీ మా 2016లో వార్తల్లోకి వచ్చాడు. ఒక హాలీవుడ్ నటి పోలికతో నిలువెత్తు ఆడ రోబోని తన ఇంట్లోనే తయారుచేశాడు. దానికి మార్క్ 1 అని పేరు పెట్టాడు. ఏడాదిన్నర పట్టింది, 50 వేల అమెరికన్ డాలర్లకు పైగా ఖర్చయింది. ఒంట్లో 70 శాతం దాకా త్రీడీ ప్రింటర్‌తో అచ్చువేసిన భాగాలే. రోబోలు చేయడం అతను ఎక్కడా చదువుకోలేదు. మోటార్లు మాడిపోవడం, బొమ్మ బోర్లా పడిపోవడం లాంటివి ఎదురవుతున్న కొద్దీ ఒక్కో విద్యా నేర్చుకుంటూ వెళ్లాడు. 'నువ్వు అందంగా ఉన్నావు' అంటే అది తల వంచి, పెదవి కొసలు పైకి లేపి, థాంక్స్ చెప్పి కన్ను గీటేది. నిలబడి ఉన్నప్పుడు బొమ్మ బాగుంది. కదలిక దగ్గరికి వచ్చేసరికి మెడ ఒక అంగలో తిరిగి ఆగిపోతుంది, పెదవులు మాటకి అందవు. ఇది అతని ఒక్కడి లోపం కాదు, ఈ పనిలో దిగిన ప్రతివాళ్లూ వచ్చి తగిలే గోడ ఇది.

ఇలాంటి ఒంటరి ప్రయత్నాలు కొత్తవి కావు. 1928లో లండన్‌లో మోడల్ ఇంజినీర్ల ప్రదర్శనని ప్రారంభించడానికి రావాల్సిన రాచ అతిథి రాలేకపోతే, కెప్టెన్ రిచర్డ్స్, విమాన ఇంజినీరు రెఫెల్ కలిసి ఎరిక్ అనే అల్యూమినియం మనిషిని చేసి నిలబెట్టారు. అది లేచి, వంగి, ఉపన్యసించింది. అదే ఏడాది జపాన్‌లో మకోతో నిషిమురా అనే జీవశాస్త్రవేత్త గకుటెన్సోకు అనే భారీ విగ్రహాన్ని తయారుచేశాడు. ఆయన ఇంజినీరు కాడు. బహుశా అందుకే ఆయన లోహపు కీళ్ల జోలికి పోకుండా రబ్బరు గొట్టాల్లో గాలి ఒత్తిడితో ముఖాన్ని కదిలించాడు. గాలి నిండుతుంటే చెంప మెల్లగా ఉబ్బుతుంది, రెప్పలు బరువుగా వాలతాయి. కదలిక ఎప్పుడు మొదలై ఎలా ఆగుతుందన్నది జీవుల్ని రోజూ గమనించే మనిషికి లోపలినుంచే తెలిసి ఉంటుంది. ఆ అసలు బొమ్మ తర్వాతి రోజుల్లో కనిపించకుండా పోయింది. ఒసాకా సైన్స్ మ్యూజియం 2008లో దానికి పనిచేసే నకలు చేయించింది.

మోరి వ్యాసాన్ని చాలామంది ఒక్క గ్రాఫుతో గుర్తుపెట్టుకుంటారు. రోబో మనిషికి దగ్గరవుతున్న కొద్దీ మనకి ఇష్టం పెరుగుతుంది, బాగా దగ్గరయ్యాక హఠాత్తుగా లోయలో పడినట్టు వెగటు పుడుతుంది, ఆ లోయ దాటితే మళ్లీ ఇష్టం. ఆ గ్రాఫులో మోరి రెండు గీతలు గీశారని మాత్రం తక్కువమందికి గుర్తుంటుంది. కదలని వస్తువులకి ఒకటి, కదిలేవాటికి ఇంకొకటి. కదిలేవాటి లోయ ఇంకా లోతు. కృత్రిమ చేయి కదలకుండా ఉన్నా వింతగా అనిపిస్తుంది, అది కదిలితే ఆ వెగటు ఇంకా పెరుగుతుంది అని ఆయన వివరించారు. ఇంకో మాట కూడా చెప్పారు. లోయ అవతలి గట్టు కోసం ఎగబాకొద్దు, ఇవతలి శిఖరం దగ్గరే ఆగండి అన్నారు. బుద్ధ విగ్రహాలు చెక్కే శిల్పి చేసిన చెక్క చేతిని ఉదాహరణగా చూపించారు. అది నిజమైన చేయి అని ఎవరూ భ్రమపడరు. వంపులు అందంగా ఉంటాయి, వెగటు ఉండదు. ఆ సలహాని ఒంటరి ఆవిష్కర్తలు చాలామంది పాటించలేదు. అవతలి గట్టే వాళ్లని పిలుస్తుంది.

ఈ వెగటు వెనక మెదడులో ఏం జరుగుతుందో కొంత వెతికారు. 2011లో వెలువడిన ఒక ప్రయోగంలో జపాన్‌లో తయారైన రెప్లీ క్యూ2 అనే ఆండ్రాయిడ్ (అచ్చం మనిషి రూపంలో చేసిన రోబో) చేసే పనుల్ని మూడు రకాలుగా చూపించారు: మామూలు మనిషి చేస్తున్నట్టు, చర్మం కప్పిన ఆండ్రాయిడ్ చేస్తున్నట్టు, చర్మం తీసేసి లోపలి ఇనుప చట్రం బయటపడ్డ అదే యంత్రం చేస్తున్నట్టు. మనిషిలా కదిలే మనిషిని, యంత్రంలా కదిలే యంత్రాన్ని చూసినప్పుడు మెదడుకి పెద్దగా అలజడి లేదు. మనిషి రూపంతో ఉండి యంత్రంలా కదిలేదాన్ని చూసినప్పుడే, కదలికని గుర్తించే భాగాల్లో స్పందన వేరుగా వచ్చింది. మెదడు రూపాన్ని చూసి కదలికని ముందే ఊహించుకుంటుందనీ, ఊహించిందొకటి కనిపించింది ఇంకొకటైతే లెక్క తప్పినట్టు స్పందిస్తుందనీ పరిశోధకులు అర్థం చెప్పారు. ఈ మాట నిజమైతే ఒంటరి ఆవిష్కర్తకి ఇది గట్టి హెచ్చరిక. ముఖం ఎంత బాగా చేస్తే చూసేవాళ్ల ఊహ అంత పెద్దదవుతుంది, కదలిక మీద అంత బరువు పడుతుంది. చర్మానికి పట్టిన శ్రద్ధలో సగం కూడా కదలికకి పట్టకపోతే, చర్మం బాగుండటమే శత్రువవుతుంది.

మోటారు నేర్చుకున్న నడక

ఇంట్లో చేసేవాళ్లకి అందుబాటులో ఉండే కండరం సర్వో మోటారు. బొమ్మ విమానాల్లో, రిమోట్ కార్లలో వాడేది ఇదే. 20 మిల్లీసెకన్లకి ఒకసారి ఒక చిన్న విద్యుత్ స్పందన పంపితే, ఆ స్పందన నిడివిని బట్టి మోటారు ఏ కోణంలో నిలబడాలో తెలుసుకుంటుంది. 'తొంభై డిగ్రీలకి వెళ్లు' అంటే దాని బలం కొద్దీ పరిగెత్తి, చేరగానే ఠక్కున ఆగుతుంది. మనిషి చేయి అలా కదలదు. మెల్లగా మొదలై, మధ్యలో వేగం అందుకుని, గమ్యం దగ్గరపడే కొద్దీ మళ్లీ మెల్లబడుతుంది. వేగాన్ని గీత గీస్తే గంట ఆకారం వస్తుంది. మన చేయి కుదుపుని వీలైనంత తగ్గించే దారిలో వెళ్తుందని 1985లో ఫ్లాష్, హోగన్ గణితంతో చూపించారు.

దీనికి మందు ఖరీదైనది కాదు. ఒక్క ఆజ్ఞకి బదులు, ఆ దారిని చిన్న ముక్కలుగా కోసి ప్రతి 20 మిల్లీసెకన్లకి ఒక ముక్క పంపితే చాలు. మొదటి ముక్కలు చిన్నవి, నడుమ పెద్దవి, చివర మళ్లీ చిన్నవి. నాలుగు వరుసల కోడ్. వేల గంటలు చర్మానికి రంగులు వేసిన బొమ్మలో ఈ నాలుగు వరుసలు లేకపోవడం చూస్తే నిజంగా బాధ కలుగుతుంది. ఖర్చు లేనిదాన్ని వదిలేసి, ఖర్చయ్యేదానికే చెమటోడ్చారు కదా అనిపిస్తుంది.

చవక సర్వోకి మరో జబ్బు శబ్దం. అది తిరిగినప్పుడల్లా కీచుమంటుంది. తల తిప్పిన మనిషి మెడలోంచి కీచు శబ్దం వస్తే చర్మం ఎంత సహజంగా ఉన్నా లాభమేముంది? ఒసాకా విశ్వవిద్యాలయంలో హిరోషి ఇషిగురో బృందం చేసిన ఆండ్రాయిడ్లలో గాలి ఒత్తిడి వాడటానికి ఇదొక కారణం. రెప్లీ క్యూ2లో అలాంటి గాలి కండరాలు 42 ఉన్నాయి. శబ్దం ఉండదు, తాకితే మెత్తగా ఒదుగుతుంది. వాటికి గాలి పంపే కంప్రెసర్ మాత్రం బయట ఎక్కడో పెట్టాలి. అందుకే ఆ బొమ్మ లేచి నడవదు, కూర్చునే ఉంటుంది. సర్వో శబ్దానికి ఇంట్లో చేసేవాళ్లు నురుగు చుట్టడం, దారాలతో లాగించి మోటార్లని తలలోంచి ఛాతీలోకి దించడం లాంటివి చేస్తారు. దారం సాగుతుంది, సాగితే ఆలస్యం, ఆలస్యమైతే మళ్లీ టైమింగ్ గొడవ మొదటికొస్తుంది.

కన్ను

ఒంటరి ఆవిష్కర్తలకి నిజంగా గెలిచే అవకాశం ఉన్న చోటు కన్ను. కారణం లెక్కలోనే ఉంది. మనిషి చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతినప్పుడు పది డిగ్రీల గెంతుకి 50 మిల్లీసెకన్ల లోపే పడుతుంది. ఒంట్లో మిగతా కదలికలతో పోలిస్తే ఇది మెరుపు. అయితే కనుగుడ్డు తేలిక. గోరంత బరువుని తిప్పడానికి చిన్న సర్వో చాలు, వేగం కూడా దాదాపు అందుకుంటుంది. చేతిని మోయడానికి రొప్పే చవక మోటారు కన్ను దగ్గర మనిషికి సాటిగా నిలబడుతుంది. విల్ కోగ్లీ అనే ఇంగ్లండ్ ఆవిష్కర్త రూపొందించిన కంటి యంత్రాంగంలో ఆరే సర్వోలు: చూపు పక్కలకి తిరగడానికి ఒకటి, పైకీ కిందకీ ఒకటి, నాలుగు రెప్పలకి నాలుగు. డిజైన్ ఫైళ్లు అందరికీ ఇచ్చాడు. దాన్ని అచ్చువేసుకుని, తమ బొమ్మలో పెట్టుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

యంత్రాంగం చేతికొచ్చాక అసలు పని మొదలవుతుంది. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మనిషి ఏం చేస్తాడో ఒకసారి గమనించండి. ముందు చూపు గెంతుతుంది. తర్వాత తల కదలడం మొదలవుతుంది. తల తిరుగుతున్నంతసేపూ కళ్లు గూట్లో వెనక్కి తిరుగుతూ చూపుని లక్ష్యం మీదే నిలుపుతాయి. చెవిలోని సంతులన అవయవం నుంచి కంటి కండరాలకి వెళ్లే ఈ ప్రతిచర్యకి పట్టేది సుమారు పది మిల్లీసెకన్లు. పెద్ద చూపు మార్పుతో పాటు చాలాసార్లు రెప్ప కూడా పడుతుంది. ఇంట్లో తయారైన రోబోలో మామూలుగా జరిగేది ఇంకోటి. కళ్లు నిటారుగా నిలబడి ఉంటాయి, తల మాత్రం తిరుగుతుంది. దాంతో చూపు గది మొత్తాన్ని ఊడ్చుకుంటూ వచ్చి మన మీద ఆగుతుంది. దయ్యం చూసినట్టుంది అని పిల్లలు అనేది దీన్నే. ఈ వరుస సరిచేయడానికి కొత్త మోటారేమీ కొననక్కర్లేదు.

రెప్పపాటు కూడా అంతే. మనిషి నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాడు, కానీ గడియారంలా వేయడు. కోడ్‌లో 'ప్రతి నాలుగు సెకన్లకి ఒకసారి' అని రాస్తే చూసేవాళ్లు అరనిమిషంలో పట్టేస్తారు. పైగా మనం ఒకచోటే చూస్తున్నామనుకున్నప్పుడు కూడా కన్ను పూర్తిగా స్థిరంగా ఉండదు, సెకనుకి ఒకటి రెండు సార్లు కనిపించీ కనిపించని చిన్న గెంతులు వేస్తూనే ఉంటుంది. పూర్తిగా నిలిచిపోయిన కన్ను బతికున్న మనిషిలో ఉండదు. దాన్ని మనం ఎక్కడ చూస్తామో మనకి తెలుసు.

స్విట్జర్లాండ్‌కి చెందిన జాకే-డ్రో కుటుంబం 1770ల్లో పూర్తిచేసిన 'రచయిత' అనే యంత్రపు పిల్లవాడు ఇప్పటికీ న్యూషాటెల్ మ్యూజియంలో పనిచేస్తున్నాడు. సుమారు 6,000 భాగాలు, కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. వాడు ఈకని సిరాలో ముంచి, విదిలించి, రాస్తాడు. రాస్తున్నంతసేపూ కళ్లు కలాన్ని అనుసరిస్తాయి. ముఖం బొమ్మ ముఖమే, ఎవరూ మనిషనుకోరు. అయినా వాడు ఆలోచిస్తూ రాస్తున్నాడనిపించేది ఆ చూపు వల్లే. చేతికీ కంటికీ కాలం కుదిర్చినవాళ్లు గడియారాలు చేసేవాళ్లు కావడం కాకతాళీయం కాదనిపిస్తుంది.

చర్మం, పెదవి, మాట

చర్మం విషయానికొస్తే పదార్థం ఇప్పుడు ఎవరికైనా దొరుకుతుంది. సినిమా మేకప్ వాళ్లు వాడే ప్లాటినం రకం సిలికోన్ రబ్బరుని అచ్చులో పోసి ముఖం తీస్తారు. తొలిసారి చేసేవాళ్లకి ఎదురయ్యే ఎదురుదెబ్బ కూడా తెలిసిందే. గంధకం ఉన్న బంకమట్టితో మూల ముఖం చేస్తే ఆ సిలికోన్ గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది. నెలల శిల్పం ఒక్క పూటలో పాడవుతుంది. సిలికోన్‌కి సిలికోన్ తప్ప మరేదీ సరిగ్గా అంటదు కాబట్టి రంగులు కూడా సిలికోన్‌లోనే కలిపి వేయాలి. జుట్టు ఒక్కో వెంట్రుకగా సూదితో గుచ్చాలి. ఇదంతా ఓపిక పని. ఓపిక ఉన్నవాళ్లు గెలుస్తారు.

గెలిచాక ఆ చర్మాన్ని కదిలించాలి. అసలు చర్మం కింద కొవ్వు, కండరం, అక్కడక్కడా ఎముకకి పట్టి ఉంచే తంతువులు ఉంటాయి. అందుకే ముడత ఎప్పుడూ ఒకే చోట పడుతుంది. సిలికోన్ అన్నివైపులా ఒకేలా సాగుతుంది, ముడత ఎక్కడో పడుతుంది. పైగా సాగిన రబ్బరు వెనక్కి లాగుతూనే ఉంటుంది. నవ్వు ముఖాన్ని పది సెకన్లు నిలపాలంటే సర్వో ఆ పది సెకన్లూ రబ్బరుతో కుస్తీ పట్టాలి, వేడెక్కాలి, వణకాలి. పెదవి కొసల్లో రోబో ముఖాలు అదిరినట్టు కనిపించడానికి ఇదే కారణం. అమెరికా రోబో రూపకర్త డేవిడ్ హాన్సన్ ఫ్రబ్బర్ అనే నురుగులాంటి రబ్బరుని తయారుచేసుకున్నది తక్కువ బలంతో సాగే చర్మం కోసమే. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయం ప్రకటించిన ఎమో అనే ముఖంలో 26 మోటార్లు, వాటికి అయస్కాంతాలతో అతుక్కునే చర్మం ఉన్నాయి. చిరిగితే లాగి తీసి కొత్తది అంటించొచ్చు. ఆ ముఖంలో అందరూ మెచ్చుకోవాల్సింది మాత్రం వేరే ఉంది. ఎదుటి మనిషి నవ్వబోతున్నాడని ముఖంలోని చిన్న మార్పుల్ని బట్టి 800 మిల్లీసెకన్లకి పైగా ముందే పసిగట్టి, అది అతనితో పాటే నవ్వుతుంది. నవ్వు చూశాక నవ్వే రోబో వెక్కిరించినట్టుంటుంది. కలిసి నవ్వితే స్నేహంగా ఉంటుంది. తేడా ఒక్క సెకను కూడా లేదు.

నవ్వులో కళ్ల పాత్ర గురించి ఫ్రెంచి వైద్యుడు దుషెన్ 1862లోనే చెప్పాడు. పెదవుల్ని పైకి లాగే కండరం మన మాట వింటుంది. కంటి చుట్టూ ఉండే కండరం మనస్ఫూర్తిగా నవ్వితేనే బిగుస్తుందని ఆయన అన్నాడు. ఇంట్లో చేసే ముఖాల్లో మోటార్లు ఎక్కువగా నోటి దగ్గరే పెడతారు. చెంప, కింది రెప్ప కదలవు. అందుకే అవి పెదవులతోనే నవ్వుతాయి.

మాట ఇంకా కష్టం. చాలా రోబోల్లో దవడ ఒక్కటే కదులుతుంది. శబ్దం పెరిగితే తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. 'అమ్మ' అనాలంటే పెదవులు రెండూ కలవాలి. కలవకుండా ఆ మాట వినిపిస్తే వినేవాళ్లకి అది ఆ నోటి మాట అనిపించదు. మనం కళ్లతో కూడా వింటాం. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ చేసిన ప్రయోగంలో 'బ' శబ్దానికి 'గ' పలికే పెదవుల్ని జతచేసి చూపిస్తే చాలామందికి 'ద' అని వినిపించింది. ప, బ, మ దగ్గర పెదవులు కలిసేలా చేస్తే చాలు, మిగతా అక్షరాలు అటూ ఇటూ అయినా చూసేవాళ్లు సర్దుకుంటారు. పెదవులకి రెండు మోటార్లు అదనం, అంతే.

ఇక సంభాషణ. ఒకరి మాట ముగియడానికీ ఇంకొకరి మాట మొదలవడానికీ మధ్య ఖాళీ ఎంత ఉంటుందని 2009లో పది భాషల్లో కొలిచారు. భాషకీ భాషకీ తేడా ఉన్నా సగటు 200 మిల్లీసెకన్ల చుట్టూనే ఉంది. ఒక్క మాట పలకడానికి మెదడు సిద్ధపడాలంటేనే అరసెకనుకి పైగా కావాలి. అంటే మనం ఎదుటివాళ్లు ముగించకముందే జవాబు కట్టుకోవడం మొదలుపెడతాం. రోబో ముందు మౌనం కోసం ఎదురుచూస్తుంది, తర్వాత శబ్దాన్ని అక్షరాలుగా మార్చుకుంటుంది, భాషా మోడల్‌ని (జవాబులు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్‌ని) అడుగుతుంది, వచ్చిన జవాబుని గొంతుగా మార్చుకుంటుంది. రెండు మూడు సెకన్లు గడిచిపోతాయి. ఇటీవలి భాషా మోడళ్లు జవాబుల్ని అద్భుతంగా మార్చేశాయి కానీ, ఆ రెండు సెకన్లు కదలని ముఖంతో కూర్చున్న రోబో ఎంత తెలివైన జవాబు చెప్పినా బతికున్నట్టు అనిపించదు. మనిషికీ ఆలోచించడానికి సమయం పడుతుంది. అప్పుడు మనిషి చూపు పక్కకి తిప్పుతాడు, ఊపిరి తీసుకుంటాడు, 'ఊఁ' అంటాడు. ఆ ఖాళీని నింపడం తెలిసిన ఆవిష్కర్త పాత కంప్యూటర్‌తో కూడా మంచి సంభాషణ నడిపించగలడు.

భాషల సంఖ్య గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. ముంబైలో కేంద్రీయ విద్యాలయ ఉపాధ్యాయుడు దినేశ్ పటేల్ అట్టముక్కలు, ప్లాస్టర్, చెక్క, అల్యూమినియం లాంటి పారేసే సామానుతో షాలూ అనే రోబోని చేశాడు. 2021లో వార్తలన్నీ అది 47 భాషలు మాట్లాడుతుందని రాశాయి. ఇలాంటి సంఖ్యలు సాధారణంగా ఎవరైనా వాడుకోగలిగే అనువాద, గొంతు సాఫ్ట్‌వేర్ల నుంచి వచ్చేవి. ఫోన్‌లో ఉన్నవే బొమ్మలోనూ ఉంటాయి. ఆ మనిషి చేతుల్లోంచి వచ్చిందేమిటంటే మూడేళ్లపాటు కూర్చుని, దొరికిన వస్తువులతో నిలబెట్టిన ముఖం, మెడ, దాన్ని చూసి కళ్లు పెద్దవి చేసుకునే పిల్లలు. వార్త రాసేవాళ్లు తప్పు సంఖ్యని పొగిడి అసలు పనిని వదిలేస్తున్నారు.

నడక జోలికి పోనివాళ్లు

ఒంటరి ఆవిష్కర్తల రోబోలు చాలావరకు కూర్చునో, చక్రాల బల్ల మీద నిలబడో ఉంటాయి. దీన్ని లోపంగా చూడటం తప్పు. హోండా సంస్థ 1986లో నడిచే కాళ్ల మీద పని మొదలుపెట్టి, పూర్తి మనిషి ఆకారంలో పీ2ని లోకానికి చూపించింది 1996లో. పదేళ్లు, పెద్ద కంపెనీ, చివరికి 210 కిలోల బరువు.

చేతి లెక్కే చూడండి. రోబో చేయి మొత్తం కిలోన్నర అనుకుందాం, ఆ బరువు భుజానికి సగటున 25 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. చేయి ముందుకి చాపి ఊరికే నిలపడానికే 37 కిలో-సెంటీమీటర్లకి (బరువుని దూరంతో గుణిస్తే వచ్చే కొలత) పైగా బలం కావాలి. అందరూ వాడే చవక లోహపు గేర్ల సర్వో ఇచ్చేది పది చుట్టూ. చేతిలో ఇంకా ఏమీ పట్టుకోనేలేదు. అప్పుడు గేర్లు పెంచాలి. గేర్లు పెంచితే బలం నాలుగింతలై, వేగం నాలుగో వంతవుతుంది. ఇక్కడ బలాన్ని కాలంతో కొంటున్నాం. మోరి చెప్పిన సగం వేగపు నవ్వు చేతికీ వచ్చి పడుతుంది. నమస్కారం పెట్టడానికి మూడు సెకన్లు తీసుకునే రోబో మర్యాదగా కాదు, మత్తులో ఉన్నట్టు కనిపిస్తుంది. చేతిని తేలిక చేయడమొక్కటే తప్పించుకునే దారి, ఆ దారి పట్టినవాళ్లు తక్కువ.

1987లో లండన్‌లో రిచర్డ్ గ్రీన్‌హిల్ చుట్టూ హాబీగా చేరిన గుంపు గాలి కండరాలతో, ఎక్కువగా చెక్కతో, రెండు కాళ్ల మనిషిని నడిపించాలని చూసింది. ఆ గాలి కండరం పుట్టుకే మనసుని తాకుతుంది. 1950ల చివర్లో పోలియోతో చేతులు పడిపోయిన తన కూతురి కోసం భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ మెకిబ్బెన్ దాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చాడు. గాలి ఊదితే లావై పొడవు తగ్గే రబ్బరు గొట్టం, దాని మీద అల్లిక. లండన్ గుంపు నడక దగ్గర కాకుండా చేతి దగ్గర నిలదొక్కుకుంది. తర్వాత షాడో రోబో కంపెనీ అయింది, వాళ్ల రోబో చేయి ఇప్పుడు పరిశోధనశాలలకి వెళ్తోంది.

ఎవరి ముఖం

సాంకేతికం కానిది ఒకటి మిగిలింది. రికీ మా ఆ నటి పేరు బయటికి చెప్పలేదు, చూసినవాళ్లందరూ మాత్రం గుర్తుపట్టారు. బతికున్న మనిషి ముఖాన్ని ఆమెని అడగకుండా అచ్చువేసి, పొగిడితే కన్ను గీటేలా చేయడం మంచి పని కాదు. ఆవిష్కర్తకి చెడు ఉద్దేశం లేకపోవచ్చు. అయినా ఆ ముఖం ఆమెది. త్రీడీ ప్రింటరు, కొన్ని ఫొటోలు ఉంటే ఎవరి ముఖమైనా తీయొచ్చు అనే రోజుల్లో ఈ హద్దుని ముందే గీసుకోవాలి. ఇషిగురో 2006లో జెమినాయిడ్ అనే ఆండ్రాయిడ్ కోసం తన ముఖాన్నే వాడుకున్నారు. అది సరైన దారి. అంతకుముందు చేసిన తొలి ఆండ్రాయిడ్‌కి తన చిన్న కూతురి పోలిక పెట్టారు. అంత చిన్నపిల్ల ఒప్పుకోవడమంటే ఏమిటన్న ప్రశ్న అప్పుడు పెద్దగా వినిపించలేదు, ఇప్పుడు వినిపించాలి. ఎవరి పోలికా లేని ముఖాన్ని చెక్కడం ఇంకా మేలు. శిల్పం చేతనైనవాళ్లకి అది కష్టమూ కాదు.

ఒక్కడే చేసిన ఒక్క ప్రతికి మరో ప్రమాదం ఉంది. డేవిడ్ హాన్సన్ 2005లో ఒక ప్రముఖ సైన్స్ ఫిక్షన్ రచయిత పోలికతో మాట్లాడే ఆండ్రాయిడ్ చేశాడు. కొద్ది నెలలకే దాని తల విమాన ప్రయాణంలో పోయింది, మళ్లీ దొరకలేదు. కొన్నేళ్ల తర్వాత కొత్త తల చేయాల్సి వచ్చింది. గ్యారేజీలో పుట్టిన పని ఇలా ఒక్క సంచితో మాయమైపోకుండా ఉండాలంటే దాన్ని పంచాలి. ఫ్రాన్స్ శిల్పి గాయెల్ లాంజెవాన్ ఆ పని చేశాడు. 2012 జనవరిలో ఒక కృత్రిమ చేతితో మొదలుపెట్టి, భుజం, తల, నడుము దాకా పెంచుకుంటూ వెళ్లిన ఇన్‌మూవ్ రోబో డిజైన్లన్నీ తెరిచి పెట్టాడు. 12 సెంటీమీటర్ల ఘనం అచ్చువేయగల చిన్న ప్రింటరుంటే చాలు, నిలువెత్తు రోబోని ముక్కలుగా తీసుకోవచ్చు. వేళ్లని లాగేది చేపల గాలానికి వాడే దారం. దానికి సిలికోన్ చర్మం లేదు, తెల్లటి ప్లాస్టిక్ పెంకులే. మోరి చెప్పిన ఇవతలి శిఖరం దగ్గర నిలబడిన రోబో అది. ప్రపంచమంతా వందలమంది దాన్ని కట్టారు, ఒకరి తప్పుని ఇంకొకరు సరిదిద్దారు.

ఫ్రాన్స్‌లోనే నికొలా యూషే అనే యువకుడు 2002లో పని చేస్తుండగా జరిగిన ప్రమాదంలో కుడిచేయి పోగొట్టుకున్నాడు. పదేళ్ల తర్వాత రెన్ నగరంలో త్రీడీ ప్రింటర్ చూసి, దీనితో చేయి చేయొచ్చా అని అడిగాడు. అక్కడి ఫ్యాబ్ ల్యాబ్ (ఎవరైనా వచ్చి పరికరాలు వాడుకోగలిగే వర్క్‌షాప్) వాళ్లతో కలిసి ఇన్‌మూవ్ చేతి డిజైన్‌ని తీసుకుని, మిగిలిన ముంజేతి కండరం బిగిసినప్పుడు పుట్టే చిన్న విద్యుత్ సంకేతాన్ని మోటార్లకి కలిపాడు. ఆ చేయి మనిషి చేతిలా కనిపించదు. ప్లాస్టిక్ వేళ్లు, వాటి లోపల గాలపు దారాలు. అతను కండరం బిగిస్తే వేళ్లు మూసుకుంటాయి.